అడవి టర్కీ తిరిగొచ్చిన దారి

అమెరికాలో మసాచుసెట్స్ శివార్లలో ఉండే మన తెలుగువాళ్లకు ఇంటి ముందు గుంపుగా తిరిగే టర్కీ కోళ్లు కొత్తేమీ కాదు. నిజానికి ఆ రాష్ట్రంలో చివరి అడవి టర్కీ 1851లో మౌంట్ టామ్ కొండ దగ్గర వేటకు బలైంది. ఇప్పుడున్నవి చాలావరకు 1972, 73లలో న్యూయార్క్ రాష్ట్రం నుంచి తెచ్చి బర్క్‌షైర్ కొండల్లో వదిలిన 37 పక్షుల సంతతే.

దేశమంతటా ఇదే కథ. అడవులు నరికి పొలాలు చేశారు, మాంసం కోసం సంతల్లో అమ్మేందుకు ఏడాది పొడవునా కాల్చారు. 1930ల నాటికి మిగిలినవి సుమారు 2 లక్షలని అంచనా. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టంతో తుపాకులు, తూటాల మీది పన్ను వన్యప్రాణుల రక్షణకు మళ్లింది. వేటగాళ్ల డబ్బే వేట పక్షిని నిలబెట్టిందన్నమాట.

అయితే మొదట్లో ఒక పెద్ద పొరపాటు జరిగింది. ఫారాల్లో పొదిగించిన పిల్లలను వేలకొద్దీ అడవుల్లో వదిలారు. దాదాపు అన్నీ చచ్చిపోయాయి. మన పెరట్లో చూస్తూనే ఉంటాం కదా, గద్ద నీడ పడగానే తల్లి ఒక్క అరుపు అరిస్తే పిల్లలన్నీ రెక్కల కిందకి దూరతాయి. తల్లి వెనక తిరగని పిల్లకు ఆ భయం ఎవరు నేర్పుతారు? అందుకే అడవిలో పుట్టి పెరిగినవాటినే పట్టి తరలించాలని తేలింది. కానీ అవి మహా జాగ్రత్త గలవి, బోనుకు అంత తేలిగ్గా చిక్కవు. 1951లో సౌత్ కరోలినాలో మేత చల్లి, పక్షులు గుమిగూడగానే చిన్న ఫిరంగులతో వాటి మీదికి వల విసిరే పద్ధతి ఫలించింది. అసలు మలుపు అదే.

ఏ నేలకు ఆ రకమే సరిపోతుంది. తూర్పు రకానికి ఓక్ కాయలు రాలే అడవి కావాలి. టెక్సాస్ మైదానాల్లోని రియో గ్రాండే రకానికి ఏటి ఒడ్డు పెద్ద చెట్లే ప్రాణం. రాత్రి పడుకోవడానికి వేరే చెట్లు దొరకవు కాబట్టి, చలికాలంలో వందలకొద్దీ అక్కడికే చేరతాయి. ఆ చెట్లు కొట్టేస్తే గుంపంతా పోయినట్టే. పడమటి కొండల్లోని మెరియమ్స్ రకం పాండెరోసా పైన్ అడవుల్లో ఉంటుంది, మంచు కురిస్తే కిందికి దిగుతుంది. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో ఉండేది ఆసియోలా. వేట తీరూ నేలను బట్టే మారుతుంది. కొండల్లో కూత వినిపించిన దిక్కుకు మైళ్లు నడవాలి, దట్టమైన అడవిలో చెట్టుకు ఆనుకుని కదలకుండా కూర్చుని పెట్టలా కూస్తూ పుంజును రప్పించాలి.

ఈ శతాబ్దం మొదట్లో సంఖ్య 60 లక్షలు దాటింది. ఆ తర్వాత ఆగ్నేయ రాష్ట్రాల్లో మళ్లీ తగ్గుతోంది. పిల్లలు బతకడం లేదు. పెట్టలు జతకట్టకముందే పుంజులను కాల్చేయడం కూడా ఒక కారణం కావచ్చని కొందరు శాస్త్రవేత్తల అనుమానం. అలబామా 2022లో వసంత వేటను ఆలస్యంగా మొదలుపెట్టి, ఒక్కో వేటగాడికి 5 పుంజుల పరిమితిని 4కు తగ్గించింది.