రీసెట్ నొక్కినా కదలని ల్యాప్‌టాప్: దాని వెనక పాతికేళ్లు

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటూ కోర్సులు చేసుకునే, ఉద్యోగాలు వెతుక్కునే మన పిల్లల దగ్గరున్న ల్యాప్‌టాప్‌లలో సెకండ్ హ్యాండ్‌వి చాలానే. ఏదో ఒక అప్‌డేట్ తర్వాత విండోస్ మొరాయిస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘రీసెట్ దిస్ పీసీ’ నొక్కితే ‘కుడ్ నాట్ ఫైండ్ ద రికవరీ ఎన్విరాన్‌మెంట్’ అని ఒక్క లైను చూపించి ఆగిపోతుంది. మర్నాడు ఇంటర్వ్యూ. కంప్యూటర్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకో, పక్క వీధి షాపుకో పరుగు. అక్కడ మొదట వినపడే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దామా?’ అని. కొట్టేస్తారు. ప్రాజెక్టు ఫైళ్లు, సర్టిఫికెట్ల స్కాన్లు, ఊళ్లో తీసుకున్న ఫొటోలు అన్నీ పోతాయి. తామే ఏదో చెడగొట్టామని ఆ పిల్లలు బాధపడతారు. చాలాసార్లు తప్పు వాళ్లది కాదు. ఆ మెషీన్‌లో రికవరీ వాళ్ల చేతికి రాకముందే పోయి ఉంటుంది.

అది ఎలా పోతూ వచ్చిందో చూద్దాం. జనం ‘రికవరీ’ అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు. పాత తేదీకి సిస్టమ్ ఫైళ్లను వెనక్కి తిప్పేది సిస్టమ్ రీస్టోర్. విండోస్‌ను మళ్లీ కొత్తగా నిలబెట్టేది రీసెట్. విండోస్ అసలు తెరుచుకోనప్పుడు నీలి తెరతో వచ్చే చిన్న విండోస్ రికవరీ ఎన్విరాన్‌మెంట్. రీసెట్ మధ్యలో పని సాగేది ఈ మూడోదాంట్లోనే కాబట్టి, అది లేకపోతే రీసెట్ కూడా లేనట్టే.

సిస్టమ్ రీస్టోర్ 2000లో విండోస్ మిలీనియం ఎడిషన్‌తో వచ్చింది. అంతకుముందు ఒక డ్రైవర్ (ప్రింటర్ లాంటి పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రామ్) తేడా కొడితే మొత్తం మళ్లీ ఎక్కించుకోవడమే దిక్కు కాబట్టి, అది మంచి ఆలోచనే. కానీ మొదటి ఏడాదిలోనే దెబ్బ తగిలింది. 2001 సెప్టెంబర్ 8 తర్వాత తీసిన రీస్టోర్ పాయింట్లు (వెనక్కి తిప్పడానికి దాచే ప్రతులు) మిలీనియంలో పనిచేయలేదు. తేదీని లెక్కగట్టే దగ్గర లోపం. మైక్రోసాఫ్ట్ దానికి విడిగా సవరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎక్స్‌పీ రోజుల్లో వైరస్‌లు రీస్టోర్ పాయింట్ల ఫోల్డర్‌లోనూ చిక్కుకుని ఉండేవి. దాంతో ముందు సిస్టమ్ రీస్టోర్ ఆపేసి, తర్వాత వైరస్ తీసేయమని యాంటీవైరస్ కంపెనీలే చెప్పేవి. డిస్క్‌లో 12 శాతం దాకా అది తినేస్తుందన్న కారణం ఒకటి. ఇలా మన షాపుల్లో ‘ముందు రీస్టోర్ ఆఫ్ చెయ్’ అన్నది చేతి అలవాటుగా మారిపోయింది. కారణాలు పోయినా అలవాటు పోలేదు. విస్తా నుంచి దాని లోపలి పద్ధతి మారి, షాడో కాపీల (డిస్క్ ఒక క్షణంలో ఎలా ఉందో దాచే ప్రతుల) మీద నడవడం మొదలైంది. విండోస్ 10 వచ్చేసరికి చాలా మెషీన్లలో అది మొదటి నుంచే ఆఫ్‌లో ఉంటోంది. అవసరం పడ్డ రోజు తెరిచి చూస్తే ఒక్క పాయింటూ ఉండదు.

రెండో పాయ సీడీలది. ఒకప్పుడు బ్రాండెడ్ కంప్యూటర్ కొంటే పెట్టెలో రికవరీ సీడీ వచ్చేది. ఖర్చు తగ్గించుకోవడానికి తయారీదారులు దాన్ని క్రమంగా తీసేసి, అదే హార్డ్ డిస్క్‌లో విడిగా గీసి దాచిన భాగంలోకి, అంటే పార్టిషన్‌లోకి, మార్చారు. హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్ ఎఫ్10, ఆసుస్‌లో ఎఫ్9 అంటూ తలా ఒక మీట. ‘మీ రికవరీ డిస్కులు మీరే రాసుకోండి’ అని తెర మీద ఒక సందేశం వచ్చేది. ఎంతమంది రాసుకుంటారు? నా దృష్టిలో ఈ కథలో అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. డిస్క్ పాడైనప్పుడు ఆదుకోవాల్సినదాన్ని ఆ డిస్క్‌లోనే పెట్టి, బయట ఒక ప్రతి ఉంచే బాధ్యత కొన్నవాడి మీదకు నెట్టేశారు.

విండోస్ 7 కాలానికి రికవరీ ఎన్విరాన్‌మెంట్ డిస్క్ మీదే మామూలుగా కూర్చోవడం మొదలైంది. 2012లో విండోస్ 8తో రిఫ్రెష్, రీసెట్ వచ్చాయి. విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ ఇంకో మార్పు చేసింది. రీసెట్ కోసం గిగాబైట్ల కొద్దీ ప్రతి దాచక్కర్లేకుండా, ఉన్న సిస్టమ్ ఫైళ్లతోనే విండోస్‌ను తిరిగి కట్టుకునే పద్ధతి పెట్టింది. చోటు మిగిలింది, రికవరీ పార్టిషన్ సుమారు 500 ఎంబీకి కుదించుకుపోయింది. కానీ ఉన్న ఫైళ్లే చెడిపోతే కట్టుకోవడానికి ఏముంటుంది? 2020లో వచ్చిన ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఈ లోటు తీర్చడానికే. అది నాలుగు జీబీకి పైగా దించుకోవచ్చు. పీజీ వైఫైలో అది పూర్తవడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక మన మార్కెట్ల సంగతి. ధర తక్కువని విండోస్ లేకుండా డాస్ అనే పాత సిస్టమ్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లు కొనడం, షాపులో విండోస్ ఎక్కించుకోవడం ఇక్కడ చాలాకాలం మామూలు విషయం. ఎక్కించే కుర్రాడు ఇన్‌స్టాలర్‌లో కనపడిన పార్టిషన్లన్నీ డిలీట్ చేసి, సి, డి, ఇ అని కొత్తగా గీస్తాడు. డిస్క్‌ను విభజించే పాత ఎంబీఆర్ పద్ధతిలో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకే చోటు కాబట్టి, పేరులేని ఆ చిన్న రికవరీ ముక్క అడ్డంగానే కనిపించేది. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసేటప్పుడు సి డ్రైవ్ ఒక్కటే క్లోన్ చేస్తే (అచ్చంగా కాపీ చేస్తే), రికవరీ ముక్క పాత డిస్క్‌తోనే ఉండిపోతుంది. కంపెనీలు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు డిస్క్ తుడిచేశాకే వస్తాయి. మళ్లీ విండోస్ ఎవరు, ఏ ఇమేజ్‌తో (విండోస్ మొత్తాన్ని ఒక్క ఫైలుగా కట్టిన ప్రతితో) ఎక్కించారో కొనేవాళ్లకు తెలిసే దారి లేదు. బయటికి విండోస్ చక్కగా తెరుచుకుంటుంది, స్టిక్కర్ మెరుస్తుంది. లోపల రికవరీ ఉందో లేదో సామాన్యుడి కంటికి కనపడే చోట విండోస్ కూడా చెప్పదు. చెప్పాలి. బ్యాటరీ తగ్గితే హెచ్చరించే సిస్టమ్, రికవరీ లేకపోతే ఎందుకు నోరు మెదపకూడదు?

కంపెనీ ఆఫీసుల మెషీన్లూ దీనికి మినహాయింపు కావని 2024 చూపించింది. ఆ జనవరిలో విండోస్ 10కు వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్ 0x80070643 అనే ఎర్రర్‌తో లెక్కలేనన్ని మెషీన్లలో ఆగిపోయింది. కారణం, రికవరీ పార్టిషన్‌లో చోటు చాలకపోవడం. సి డ్రైవ్‌ను 250 ఎంబీ కుదించి, రికవరీ పార్టిషన్ తీసేసి పెద్దగా మళ్లీ చేసుకోమని మైక్రోసాఫ్ట్ కమాండ్లు రాసిచ్చింది. ఇంట్లో వాడుకునేవాళ్లు చేయగల పనా అది? అదే ఏడాది జులై 19 శుక్రవారం, మన టైము ప్రకారం ఉదయం 9:39కి భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లను పడగొట్టింది. ఆఫీసులు తెరుచుకునే వేళ. విరుగుడు చిన్నదే: తక్కువ ప్రోగ్రాములతో తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకో రికవరీ ఎన్విరాన్‌మెంట్‌లోకో వెళ్లి ఒక ఫైలు తీసేయాలి. కానీ చాలాచోట్ల ఒక్కో మెషీన్ దగ్గరికీ మనిషి వెళ్లాల్సి వచ్చింది. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట 48 అంకెల కీ కొట్టాలి.

2025 ఆగస్టులో నెలవారీ భద్రతా అప్‌డేట్ వల్ల విండోస్ 10లోనూ, విండోస్ 11 పాత వెర్షన్లలోనూ రీసెట్టే పనిచేయకుండా పోయింది. 19న అత్యవసర సవరణ వచ్చింది. అక్టోబర్ 14 నాటి అప్‌డేట్ తర్వాత విండోస్ 11 రికవరీ తెర మీద యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ కదల్లేదు. తెర వస్తుంది, నొక్కడానికి లేదు. దానికి 20న సవరణ ఇచ్చారు. విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది కూడా ఆ అక్టోబర్ 14నే.

కాబట్టి మెషీన్ బాగున్న రోజే చూసుకోవడం మేలు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆర్-ఇ-ఏ-జి-ఇ-ఎన్-టి-సి అక్షరాలు కలిపి కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఇన్ఫో అని కొట్టండి. స్టేటస్ దగ్గర ‘ఎనేబుల్డ్’ ఉంటే సరే. ‘డిజేబుల్డ్’ అంటే, ఇన్ఫోకు బదులు ఎనేబుల్ అని కొట్టి చూడాలి. అప్పటికీ కుదరకపోతే రికవరీ ఇమేజ్ ఫైలే లేదనుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించుకున్న ఐఎస్‌ఓ (విండోస్ ఇన్‌స్టాలర్ ఫైలు) లోంచి దాన్ని తెచ్చి పెట్టవచ్చు. సిస్టమ్ రీస్టోర్ విండోస్ లోపల నుంచి 0x80070005 అంటూ ఆగిపోతే ముందు అనుమానించాల్సింది యాంటీవైరస్‌ని. రికవరీ తెర నుంచి నడిపితే అదే పాయింట్ పనిచేసే అవకాశం ఉంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ రాసుకుని దాచుకుంటే, డిస్క్ మీద పార్టిషన్ ఉన్నా లేకున్నా రికవరీ తెర వస్తుంది. షాపువాళ్లు అమ్మేటప్పుడే ఆ పెన్‌డ్రైవ్ ఇవ్వాలి, కొనేవాళ్లు అడగాలి. షాపువాళ్లు తమ మెయిల్‌తో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి ఇస్తే మాత్రం ఒప్పుకోవద్దు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయితే బిట్‌లాకర్ కీ వాళ్ల ఖాతాలో ఉండిపోతుంది.

క్రౌడ్‌స్ట్రైక్ ఘటన తర్వాత మైక్రోసాఫ్ట్ ‘క్విక్ మెషీన్ రికవరీ’ ప్రకటించింది, 2025లో విండోస్ 11కు తెచ్చింది. బూట్ కాని మెషీన్ తనంతట తానే నెట్‌కు కలిసి విరుగుడు దించుకుంటుంది. హోమ్ ఎడిషన్‌లో అది ముందే ఆన్‌లో ఉంటుంది. కానీ అది నడిచేది కూడా ఆ రికవరీ ఎన్విరాన్‌మెంట్‌లోంచే. స్టేటస్ ‘డిజేబుల్డ్’ అని ఉన్న ల్యాప్‌టాప్‌లో అది మొదలే కాదు.