మచ్చులో లేని మిరప

"పూర్వీకులు ఎక్కడివాళ్లో చెప్పే ఉమ్మి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే 8 శాతం మధ్య ఆసియా అని వచ్చింది. మా వాళ్లు అక్కణ్ణుంచి వచ్చారా?" అని విజయవాడ పాఠకురాలు ఒకరు అడిగారు. ఆ 8 ఎలా పుడుతుందో గుంటూరు మిరప యార్డులో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

కొట్టు బల్ల మీద తేజ, 334, 341 అనే మిరప రకాల మచ్చులు మూడే ఉన్నాయనుకోండి. రైతు తెచ్చిన టిక్కీలో (బస్తాలో) ఉన్నది బ్యాడిగి అనే వేరే రకం. రంగు, ముడత, కారం చూసి ఆ మూడింట్లోనే సర్దాలని షరతు పెడితే, "60 శాతం 334, 30 శాతం 341, 10 శాతం తేజ" అని తేలుతుంది. లెక్క సరిగ్గానే ఉంది, మచ్చులు చాల్లేదు. రేపు బ్యాడిగి మచ్చు తెచ్చి పెడితే అదే కాయ 95 శాతం బ్యాడిగి అయిపోతుంది. పరీక్ష చేసే కంపెనీలు అప్పుడప్పుడూ కొత్త శాతాలు పంపేది ఇందుకే. పైగా అవి టిక్కీ అంతా కుమ్మరించి చూడవు. 300 కోట్ల అక్షరాల డీఎన్‌ఏలో సుమారు 6, 7 లక్షల చోట్ల మాత్రం చదువుతాయి.

కంపెనీల దగ్గరున్న మచ్చులన్నీ ఈనాటి మనుషులవే. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో మనకొచ్చింది, ఆ సంగతి బల్ల మీద ఎన్ని మచ్చులు పెట్టినా బయటపడదు. మనుషుల పాత కథకు వేరే పరిశోధన కావాలి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ 2009లో హార్వర్డ్ వాళ్లతో కలిసి చేసింది అదే. భారతీయుల్లో ఎక్కువమంది రెండు ప్రాచీన జనాల కలయికని, అందులో ఒకటి మధ్య ఆసియా వాళ్లకి దగ్గరిదని తేలింది. 2013 లెక్క ప్రకారం ఆ కలయిక 1900 నుంచి 4200 ఏళ్ల కిందటిది. అందుకే మధ్య ఆసియాను పోలిన ముక్కలు విజయవాడ పటమటలోనూ దొరుకుతాయి, గుంటూరు బ్రాడీపేటలోనూ దొరుకుతాయి. ఆ శాతాల్లో గోత్రం ఉండదు, కులం ఉండదు. దయచేసి పెళ్లిచూపులకి తీసుకెళ్లకండి.

డీఎన్‌ఏ కలిసినవాళ్లని చూపించే చుట్టాల జాబితా కూడా కంపెనీ ఇస్తుంది, దాని దగ్గర మేనరికం లెక్క తప్పిస్తుంది. మామూలుగా మేనత్త, మేనమామ పిల్లలతో 12.5 శాతం డీఎన్‌ఏ కలుస్తుంది. ఒకే డీఎన్‌ఏ ముక్క రెండు దారుల్లో వచ్చే కుటుంబాల్లో దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనబడతాడు. మొత్తం కలిపిన అంకె నమ్మకుండా అన్నిటికన్నా పొడవైన ముక్క చూడండి. 7, 8 సెంటీమోర్గాన్ల (డీఎన్‌ఏ ముక్క పొడవుకి కొలత) చిన్న ముక్కలే బోలెడుంటే అది చాలావరకు పాత చుట్టరికం.

ఒకే కులం లోపలి పెళ్లిళ్ల వల్ల పాత జన్యులోపాలు కూడా పేరుకుంటాయి. వైశ్య కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం అలాంటిదే. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ కొద్ది నిమిషాల్లో దిగాలి, వీళ్లకి గంటలు పడుతుంది. అంతసేపూ ఊపిరి వెంటిలేటర్ మీదే. ఇది తెలియడానికి వంశ పరీక్ష అక్కర్లేదు, ఆ ఎంజైమ్‌కి రక్తపరీక్ష ఉంది. ఇంట్లో ఎవరికైనా అలా జరిగుంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి.

అయినా చేయిస్తామంటే, ఉమ్మికి అరగంట ముందు నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు. నురగ వదిలేసి గీత దాకా, సుమారు 2 మిల్లీలీటర్లు నింపాలి. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్లు అసలు చేయించుకోకూడదు, దాత డీఎన్‌ఏ కలిసి వస్తుంది.

తోబుట్టువులని అడిగి మరీ పంపండి, మీ డీఎన్‌ఏలో సగం దాకా వాళ్లదీ ఉంటుంది. 2023లో ఇలాంటి పరీక్షలు చేసే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీలో దొంగలు దూరింది దాదాపు 14,000 ఖాతాల్లోకి. వేరేచోట వాడిన పాస్‌వర్డే ఇక్కడా పెట్టుకున్నవాళ్లవి అవి. చుట్టాల జాబితా ద్వారా బయటపడింది మాత్రం సుమారు 69 లక్షల మంది సమాచారం. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టండి, చుట్టాల జాబితా ఆపేయండి, ఫలితం దించుకున్నాక నమూనా పారేయమని రాతపూర్వకంగా అడగండి.