పాడైన జాబ్ ఎవరి ఖాతాలో?

మెకానికల్ అప్రెంటిస్‌గా చేరినవాడి చేతికి మొదట అందేది చాలాచోట్ల మిషన్ కాదు, ఆకురాయి (ఫైల్). బెంచ్ వైస్‌లో ఇనుప ముక్క (వర్క్‌షాపులో దీన్నే జాబ్ అంటారు) బిగించి, పైభాగం సమంగా వచ్చేదాకా అరగదీస్తూ ఉండాలి. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడు చేతులు తెలియకుండానే ఊగుతాయి. దాంతో అంచులు అరిగిపోయి మధ్యభాగం ఉబ్బుగా మిగులుతుంది. అంచు తిన్నగా ఉందో లేదో చూసే ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సందులోంచి సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. మళ్ళీ బిగించు, మళ్ళీ అరగదియ్యి. కొలత ఒక్కసారి దాటిందంటే ముక్క తుక్కులోకే.

ఆ ముక్క ఖర్చు ఎవరిది? అప్రెంటిస్ చదువుకునేవాడా, పనిచేసేవాడా అన్న పాత తగవంతా ఈ చిన్న లెక్క చుట్టూనే తిరిగింది.

ఇంగ్లండ్‌లో 1563 నాటి చట్టం ప్రకారం ఏడేళ్ళు అప్రెంటిస్‌గా ఉండనివాడు ఆ వృత్తి చేయకూడదు. యజమాని తిండీ వసతీ ఇచ్చి పని నేర్పాలి, కుర్రాడు తన శ్రమ ఇవ్వాలి. మొదటి ఏళ్ళలో వాడు పాడుచేసే సరుకు, పక్కవాళ్ళ టైమ్ యజమానికి నష్టం. పని చేతికొచ్చాక మిగిలిన ఏళ్ళలో ఆ నష్టం రాబట్టుకోవాలి. మరి మూడేళ్ళకే చెయ్యి తిరిగిన కుర్రాడి సంగతేంటి? మిగతా నాలుగేళ్ళూ యజమానికి లాభమే.

1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ ఈ ఏడేళ్ళ పద్ధతిని గట్టిగా ఎండగట్టాడు. ఆయన చూపిన ఉదాహరణ ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. బండి చక్రాలు చేసే వృత్తి 1563కి ముందే ఉంది, కోచ్ బండ్లు చేసే వృత్తి ఆ తర్వాత వచ్చింది. అందువల్ల కోచ్ తయారుచేసేవాడు తన బండికి తాను చక్రం చేసుకోకూడదు, చక్రాలు చేసేవాడు మాత్రం మొత్తం బండినే చేసి అమ్ముకోవచ్చు! మొదటి రోజు నుంచే చేసినంత పనికి కూలి ఇచ్చి, పాడుచేసిన సరుకు ఖర్చు మాత్రం కుర్రాడే పెట్టుకోవాలన్నది స్మిత్ సలహా. మామూలు మెకానికల్ పనులు నేర్పడానికి కొన్ని రోజులు కూడా చాలవచ్చని ఆయన నమ్మకం. ఆ మాట అనే ముందు ఒక్క ముక్కనైనా ఆకురాయితో సమంగా తీసి చూసుకోవాల్సింది.

ఏడేళ్ళు నిండకుండా పైకొచ్చినవాళ్ళు అప్పటికే ఉన్నారు. తర్వాత ఆవిరి యంత్రంతో పేరు తెచ్చుకున్న జేమ్స్ వాట్ 1755లో లండన్ వెళ్ళి, రుసుము కట్టి, సుమారు ఏడాదిలోనే పరికరాల తయారీ నేర్చుకుని వచ్చేశాడు. హెన్రీ మాడ్స్‌లే కథ ఇంకా బాగుంటుంది. పన్నెండేళ్ళకే ఆయుధ కర్మాగారంలో చేరిన ఈ కుర్రాడు పద్దెనిమిదో ఏట తాళాల తయారీదారు జోసెఫ్ బ్రామా దగ్గరకు పని కోసం వెళ్ళాడు. ఏడేళ్ళ కాగితం లేనివాణ్ని మిగతా పనివాళ్ళు ఒప్పుకుంటారో లేదో అని అక్కడ సందేహించారట. అరిగిపోయిన పాత వైస్ ఒకటి చూపించి, సాయంత్రం ఆరు గంటలకల్లా దీన్ని బాగుచేస్తే పనిలోకి తీసుకుంటారా అని అడిగాడట మాడ్స్‌లే. దాని దవడలకు ఉక్కు అతికి, పళ్ళు తీర్చి, గట్టిపరిచి టైమ్‌కి ముందే ముగించాడని చెబుతారు.

అదే మాడ్స్‌లే తర్వాత సొంత వర్క్‌షాపు పెట్టి, సుమారు 1800 నాటికి కచ్చితమైన మరలు కోసే లేత్‌ను తయారుచేశాడు. తర్వాత పేరుమోసిన ఇంజినీర్లు రాబర్ట్స్, క్లెమెంట్, విట్‌వర్త్, నాస్మిత్ ఆయన షాపులో పనిచేసి వెళ్ళినవాళ్ళే. వీళ్ళలో విట్‌వర్త్ 1841లో మరల కొలతలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. 1829లో నాస్మిత్‌ను వెంటబెట్టుకుని అతని తండ్రి వచ్చినప్పుడు, డబ్బు కట్టి చేరే అప్రెంటిస్‌లతో విసిగిపోయానని, ఇక తీసుకోనని మాడ్స్‌లే చెప్పేశాడు. కానీ ఆ కుర్రాడు చేసి తెచ్చిన చిన్న ఆవిరి యంత్రాన్ని, గీసిన బొమ్మలను చూసి మాట మార్చుకున్నాడు. అప్రెంటిస్‌గా కాదు, తన సహాయకుడిగానే చేర్చుకున్నాడు.

ఏడేళ్ళ నిబంధన 1814లో రద్దయింది. చట్టం పోయినా అలవాటు పోలేదు. కానీ ఈలోగా లేత్‌కి స్లైడ్ రెస్ట్ వచ్చింది. ఉలిని చేత్తో అదిమిపట్టే పని మిషనే చేస్తుంటే, కుర్రాళ్ళనే ఎక్కువమందిని పెట్టుకుంటే సరిపోతుందని యజమానులకు తట్టింది. ఒక పనివాడికి ఇంతమందికి మించి అప్రెంటిస్‌లు ఉండకూడదని కార్మిక సంఘాలు పట్టుబట్టాయి. కుర్రాళ్ళ మీద కోపమేం కాదు, వాళ్ళ పేరుతో పెద్దవాళ్ళ కూలి పడిపోతుందన్న భయం.

ఆ కుర్రాళ్ళు తమంతట తాము నోరు విప్పడానికి చాలా కాలం పట్టింది. షాపులో వాళ్ళ స్థానం ఏమిటో తెలియాలంటే పాత ఆటపట్టింపులు చూస్తే చాలు. గాజు గొట్టంలోని గాలి బుడగతో మట్టం చూపే స్పిరిట్ లెవెల్‌కి బుడగలు అయిపోయాయి, స్టోర్స్‌కి వెళ్ళి పట్రమ్మని పంపేవారు. 1937లో స్కాట్లండ్‌లోని క్లైడ్ తీరంలో ఇంజినీరింగ్ అప్రెంటిస్‌లు వేతనాల కోసం సమ్మెకు దిగారు. 1968లో హాంబర్గ్ వీధుల్లోకి వచ్చిన అప్రెంటిస్‌ల గోడు కూడా అదే, చవగ్గా పనివాడు కావాలంటే అప్రెంటిస్‌ని పెట్టుకుంటున్నారని. మరుసటి ఏడాది పశ్చిమ జర్మనీ చేసిన చట్టం ఒక పనికొచ్చే మాట చెప్పింది: శిక్షణకు ఉపయోగపడే పనులే అప్రెంటిస్‌కు అప్పగించాలి. ఊడవమంటే, ఆ ఊడవడంతో ఏం నేర్చుకుంటాడో చెప్పగలగాలన్నమాట.

భారత్‌లో 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం తగవును ఒక్క వాక్యంలో తేల్చేసింది. అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాదు. కాబట్టి కార్మిక చట్టాలు వర్తించవు. అయితే ఫ్యాక్టరీలో ఆరోగ్యం, భద్రత నియమాలు, గాయపడితే పరిహారం మాత్రం కార్మికుడితో సమానంగానే ఉంటాయి. అంటే చెయ్యి మిషన్‌లో పడితే కార్మికుడు, జీతం అడిగితే విద్యార్థి. తీర్పు ఎంత స్పష్టంగా ఉన్నా, షాపులో అది అంత తేలిగ్గా ఇమడదు.

ఇప్పుడు తగవు లాగ్‌బుక్‌లోకి వచ్చింది. ఏ వారం ఏం నేర్చుకున్నాడో అప్రెంటిస్ రాయాలి, సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి. రెండు వారాలపాటు ఒకే డ్రిల్లింగ్ మిషన్ ముందు నిలబడి, ముక్కను కదలకుండా పట్టే ఒకే ఫిక్స్చర్‌లో, ఒకే సైజు రంధ్రాలు వేసినవాడు ఆ గడిలో ఏం రాయాలి? ‘డ్రిల్లింగ్, 2 వారాలు’ అని రాస్తాడు. అబద్ధమేం కాదు. సంతకం పడుతుంది.