స్పానిష్‌కి ఇంగ్లిష్ మీదుగానే వెళ్లాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వారమంతా లాటిన్ అమెరికా క్లయింట్ల మెయిళ్లు, కాల్స్‌తో నా ఉద్యోగం. ఆదివారం పొద్దున రామంతపూర్‌లో మా మేడ మీద ఆరేడుగురికి స్పానిష్ చెబుతాను. నేను నేర్చుకున్నది మాత్రం చాలావరకు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, సొంతంగానే. కొత్తగా వచ్చేవాళ్ల ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి, వాటి వెనకున్న నమ్మకాలూ అవే.

అపోహ: ఇంగ్లిష్ బాగా వస్తేనే స్పానిష్ వస్తుంది

ఎక్కువ నష్టం చేసేది ఇదే. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

పదాల విషయంలో ఇంగ్లిష్ సాయం చేస్తుంది, కాదనను. ఇంగ్లిష్‌లో ‘షన్’తో ముగిసే మాటలు చాలావరకు అక్కడ ‘సియోన్’తో ముగుస్తాయి. ఇన్ఫర్మేషన్ అంటే ఇన్ఫర్మాసియోన్. కానీ ఉచ్చారణకీ వాక్యానికీ తెలుగు నుంచి వెళ్లడమే దగ్గర దారి.

ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపిస్తుంది కాబట్టి మనవాళ్లు ‘టూ’, ‘డాస్’, ‘టాకో’ అని చదివేస్తారు. అవి తూ, దోస్, తాకో. అక్కడి త, ద మన త, ద లాగే నాలుక పళ్లకు తగిలి పుడతాయి. ‘హెచ్’ అక్షరానికి శబ్దమే లేదు, పలకరింపు ‘ఓలా’. రోజూ ఓలా క్యాబ్ బుక్ చేసే మనిషే క్లాసుకొచ్చి ‘హోలా’ అంటే నవ్వొస్తుంది. అందుకే మొదటి నెల ప్రతి మాట పక్కన ఉచ్చారణ తెలుగు లిపిలో రాసుకోమంటాను. దీనికి ఒప్పుకోని టీచర్లు ఉన్నారు. నేను మాత్రం అటకెక్కిన మన బండి ఱ ని కూడా కిందికి దింపుతాను: ‘పెరో’ అంటే ‘కానీ’, ‘పెఱ్ఱో’ అంటే కుక్క.

ఇక వాక్యం. ‘మె గుస్తా ఎల్ కఫే’ని ఇంగ్లిష్ మీదుగా పట్టుకోబోయేవాళ్లు ‘నేను’తో మొదలుపెట్టి తప్పులో కాలేస్తారు. అది అచ్చంగా ‘నాకు కాఫీ ఇష్టం’. ‘మె దుయెలె లా కబేసా’ అంటే నాకు తల నొప్పిగా ఉంది. ఆ ‘మె’ మన ‘నాకు’. క్రియలు కూడా మన పద్ధతే: అబ్లో అంటే మాట్లాడతాను, అబ్లాస్ మాట్లాడతావు, అబ్లామోస్ మాట్లాడతాం. నేను, నువ్వు అని విడిగా చెప్పక్కర్లేదు. నువ్వుకు తూ, మీరుకు ఉస్తెద్ ఉన్నాయి.

‘ఇల్లు చూస్తున్నాను’ అంటాం, కానీ ‘అక్క చూస్తున్నాను’ అనం, ‘అక్కను’ అనాల్సిందే. స్పానిష్‌లోనూ అంతే. ‘బెయో లా కాసా’ అంటే ఇల్లు చూస్తున్నాను. అక్క అనేసరికి మధ్యలో ‘ఆ’ దూరుతుంది: ‘బెయో ఆ మి ఎర్మానా’. ఇంగ్లిష్ వాళ్ల పాఠ్యపుస్తకాలు దీనికోసం ఒక అధ్యాయం కేటాయిస్తాయి. మా మేడ మీద ఇది ఐదు నిమిషాల పని.

‘ఉండటా’నికి అక్కడ రెండు క్రియలు, సెర్, ఎస్తార్. ఎక్కడ ఏది వాడాలన్నది అందరికీ టెన్షనే. నేను చెప్పే చిట్కా: ముందు తెలుగులో అనుకోండి. ‘ఆయన డాక్టర్’లో ‘ఉన్నాడు’ లేదు, సెర్ వేయండి. ‘ఆయన ఇంట్లో ఉన్నాడు’, ‘టీ వేడిగా ఉంది’, వీటికి ఎస్తార్. ‘ఆమె పొడుగ్గా ఉంటుంది’ అన్నప్పుడు అది ‘ఉంది’ కాదు, ‘ఉంటుంది’, మళ్లీ సెర్. ‘పార్టీ మా ఇంట్లో’ అని ‘ఉంది’ మింగేస్తాం చూడండి, వేడుక ఎక్కడో చెప్పేటప్పుడు వాళ్లూ సెర్ వాడతారు. ఇది అన్నిచోట్లా పనిచేయదు. చనిపోయినవాళ్ల గురించి చెప్పేటప్పుడు ఎస్తార్ రావడంలాంటి మినహాయింపులు ఉన్నాయి. అయినా మొదటి ఆరు నెలలు గట్టెక్కిస్తుంది.

తెలుగు సాయపడని చోట్లూ చెప్పాలి. మన భాషలో మాటలోని ఏ భాగాన్ని నొక్కి పలికినా అర్థం మారదు, అక్కడ మారుతుంది. మా క్లాసులో ఒకబ్బాయి కుటుంబ పరిచయం చేస్తూ ‘మి పాప త్రబాహా ఎన్ ఉన్ బాంకో’ అన్నాడు. మా నాన్న బ్యాంకులో పనిచేస్తారని అతని ఉద్దేశం. నాన్న అంటే ‘పపా’, బరువు రెండో అక్షరం మీద. మొదటి అక్షరం మీద వేస్తే, లాటిన్ అమెరికాలో బంగాళాదుంప. పక్కనే కూర్చున్న మా పిన్నికి స్పానిష్ ముక్క రాదు. ‘ఎవరి పాప, ఏ బ్యాంకులో?’ అంది. అలా ఒక్క మాటకు మూడు అర్థాలు. అప్పట్నుంచి బరువు పడే అక్షరం కింద ఎర్ర పెన్నుతో గీత గీయిస్తున్నాను.

ఇంకో చిక్కు లింగం. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. తెలుగు ఇక్కడ ఆదుకోదు, కానీ హైదరాబాద్ ఆదుకుంటుంది. హిందీ, ఉర్దూ వినే చెవికి కుర్చీ ఆడది కావడం వింతేమీ కాదు. ఏ మాట ఏ లింగమో మాత్రం మళ్లీ నేర్చుకోవాల్సిందే.

మాటకొస్తే, మాటలు కూడా మరీ పరాయివి కావు. చక్కెరకు స్పానిష్‌లో ‘అసూకర్’. మన చక్కెర లాగే దాని మూలమూ సంస్కృత శర్కర, అరబ్బీ మీదుగా అక్కడికి చేరింది. నారింజ ‘నరాన్హా’. సబ్బు ‘హబోన్’, మనకు పోర్చుగీసు వాళ్ల ద్వారా వచ్చిన మాటకు చుట్టమే. క్రీ.శ. 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ఏదో ఒక భాగం ముస్లిం పాలనలో ఉంది. ‘అలా జరిగితే బాగుండు’ అనడానికి వాళ్లు వాడే ‘ఒహలా’ కూడా అరబ్బీ నుంచి వచ్చిందే, దాన్లో ఉన్నది అల్లా పేరే. పాతబస్తీలో పూటకి పదిసార్లు వినిపించే ఇన్షాల్లాకు దూరపు బంధువన్నమాట.

అపోహ: వేలు పోసి కోర్సులో చేరకపోతే రాదు

నేనూ అలాగే అనుకుని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 18,000 కట్టాను. రెండు నెలలు క్రియల పట్టికలు బోర్డు మీద రాశారు, మేం దించుకున్నాం. చివరి రోజుకీ మంచినీళ్లు అడగడం రాలేదు. కోర్సులన్నీ ఇలాగే ఉంటాయని కాదు. తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) లాంటి చోట్ల పద్ధతిగా నేర్పేవాళ్లున్నారు. కానీ మొదటి ఆరు నెలలకు అవసరమైన సరుకంతా ఉచితంగా దొరుకుతోంది.

నేను ఇచ్చే జాబితా చిన్నది. ‘లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్’ స్పానిష్ కోర్సు, 90 ఆడియోలు, పైసా అడగరు. పాఠం ఇంగ్లిష్‌లో సాగుతుంది, మధ్యలో ఆపి జవాబు పైకి చెప్పాలి. ఆపకుండా వింటే అది ఎఫ్ఎం రేడియో. వినికిడికి ‘డ్రీమింగ్ స్పానిష్’ యూట్యూబ్ వీడియోలు, బొమ్మలు గీస్తూ తేలిక మాటల్లో చెబుతారు. పదాలు గుర్తుంచుకోవడానికి ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్లో ఉచితంగా దొరికే ఫ్లాష్‌కార్డుల యాప్ ‘ఆంకీ’. ఐఫోన్‌లో దానికి డబ్బు కట్టాలి. డిక్షనరీ కావాలంటే స్పానిష్ రాయల్ అకాడమీదే ఆన్‌లైన్‌లో ఉంది. వీటికి ఒక నోట్‌బుక్, ఒక ఎర్ర పెన్ను.

అపోహ: యాప్‌లో స్ట్రీక్ (వరసగా తప్పకుండా చేసిన రోజుల లెక్క) పెరిగితే మాట్లాడటం వచ్చేసినట్టే

ఉప్పల్ నుంచి వచ్చే ఒకమ్మాయి మొదటి రోజే ఫోన్ చూపించింది. ‘412 రోజులు మేడం, ఒక్కరోజు కూడా తప్పలేదు.’ సరేనని, నిన్న రాత్రి ఏం తిన్నావో స్పానిష్‌లో చెప్పమన్నాను. చాలాసేపు పైకి చూసింది. ‘ఆప్షన్స్ ఇస్తే చెప్తాను మేడం’ అంది.

తప్పు యాప్‌ది కాదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపట్టడం వేరు, ఏమీ లేని చోటు నుంచి మాట పుట్టించడం వేరు. ఆ అమ్మాయికి ఇచ్చిన పని ఇది. ఇరవై సెకన్ల ఆడియో ముక్క తీసుకోవాలి. మూడుసార్లు విని, ఆపి, అదే దరువుతో పలకాలి. ఫోన్లో రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినాలి. మరుసటి రోజు అదే ముక్క, చూడకుండా. హబ్సిగూడలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేదాకా నేను ఇదే చేసేదాన్ని, మాస్కు చాటున పెదాలు కదుపుతూ. నా మొదటి రికార్డింగు ఇంకా దాచుకున్నాను. అందులో నాకంటే మా కుక్కర్ విజిలే స్పష్టంగా వినిపిస్తుంది.

అపోహ: మూడు నెలల్లో ఫ్లూయెంట్

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు స్పానిష్ నేర్పడానికి పెట్టుకునే లెక్క దాదాపు 700 క్లాసు గంటలు. అదీ ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు, ఆఫీసు పని చేయగలిగే స్థాయికి. రోజుకో గంట చొప్పున 700 గంటలంటే దాదాపు రెండేళ్లు. పేరు, ఊరు, తిండి, దారి లాంటి మాటలకు అంత అక్కర్లేదు. మా దగ్గర క్రమంగా చేసేవాళ్లు నాలుగైదు నెలల్లో అక్కడికి వస్తారు.

అపోహ: స్పెయిన్ స్పానిషే అసలుది

ఇరవై దేశాల్లో అధికార భాష అది. మీ క్లయింట్ మెక్సికో అయితే మెక్సికోదే వినండి. ఒకటి పట్టుకుంటే రెండోది అర్థమవుతుంది.

సర్టిఫికెట్ గురించి కూడా అడుగుతారు. ఉద్యోగమో, చదువో అడిగితేనే పరీక్ష రాయండి. స్పానిష్ ఎంత వచ్చో కొలిచే పరీక్షల్లో డెలె సర్టిఫికెట్‌కు గడువు లేదు, సియెలెకు ఐదేళ్లు.

అపోహ: హైదరాబాద్‌లో మాట్లాడటానికి మనిషి ఎక్కడ దొరుకుతాడు?

టాండెమ్, హలోటాక్ లాంటి యాప్‌లలో దొరుకుతారు. మనకు పొద్దున ఆరున్నర అయినప్పుడు కొలంబియాలో ముందురోజు రాత్రి ఎనిమిది. వాళ్లు భోంచేసి తీరిగ్గా ఉంటారు, మనింట్లో పాలు పొంగకముందు పావుగంట దొరుకుతుంది. అక్కడివాళ్లకు ఎక్కువగా కావాల్సింది ఇంగ్లిష్ ప్రాక్టీసు. పావుగంటలో సగం వాళ్లకు, సగం మనకు అని ముందే చెప్పుకోవాలి, లేకపోతే మొత్తం ఇంగ్లిష్‌లోనే గడిచిపోతుంది. ఆడపిల్లలు మొదటి నెల వీడియో ఆన్ చేయకండి, ఫోన్ నంబర్ ఇవ్వకండి. నంబర్ కోసమే పట్టుబట్టేవాళ్లను బ్లాక్ చేసి ఇంకొకరిని వెతుక్కోండి.

మొదటి కాల్‌కి ముందు నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టుకోండి: ‘మాస్ దెస్పాసియో, పోర్ ఫబోర్’. కొంచెం మెల్లగా అండీ, అని. నేను మొదటి కాల్‌లో దాన్ని పదకొండు సార్లు చదివాను.