తొలి రైఫిల్‌కి ఏ సైట్? ముందు కన్ను సంగతి చూడాలి

హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల కోసం నవాబ్ జఫర్ జంగ్ తెప్పించిన 15 అంగుళాల దూరదర్శిని డబ్లిన్‌లోని గ్రబ్ కంపెనీలో తయారైంది. ఆ కంపెనీని నడిపిన హోవార్డ్ గ్రబ్ ఆకాశంతోనే సరిపెట్టుకోలేదు. దూరదర్శిని సూత్రాన్నే వాడుకుని తుపాకీకి గురి చూసే ఒక కొత్త సాధనం కనిపెట్టి, 1900లో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు అమెరికాలో మొదటిసారి ఏఆర్-15 కొన్నవాళ్లు దాని మీద బిగించుకునే రెడ్ డాట్ సైట్‌కి (ఎర్ర చుక్కతో గురి చూపే సాధనానికి) మూలం అదే.

ఏఆర్-15 సెమీ ఆటోమేటిక్ రైఫిల్. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటాయే పేలుతుంది. ఆ పేలుడులో పుట్టిన వాయువు బలంతోనే ఖాళీ తొడుగు బయటపడి, తర్వాతి తూటా లోపలికి వస్తుంది. మన దేశంలో ఇది మామూలు లైసెన్సు మీద దొరికే సరుకు కాదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో దుకాణానికి వెళ్లి కొనుక్కోవచ్చు. అక్కడున్న మనవాళ్లకు మాత్రం ఒక మాట ముందే చెప్పాలి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ అడ్డు లేదు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. ఈ గడప దాటాకే సైట్ గొడవ.

సైట్ కొనేవాళ్లు ఎక్కువమంది తుపాకీని చూసి కొంటారు. నన్నడిగితే కంటిని చూసి కొనాలి. సైట్ వల్ల బ్యారెల్ (తూటా దూసుకొచ్చే గొట్టం) ఒక్క పిసరు కూడా మెరుగుపడదు. గురి చూసేటప్పుడు కన్ను చేసే పొరపాటును తగ్గించడం ఒక్కటే దాని పని.

ఆ పొరపాటు ఎక్కడ పుడుతుందో పాతకాలపు ఇనుప సైట్‌లో తేలిగ్గా తెలుస్తుంది. కంటి దగ్గర ఒక గాడి లేదా రంధ్రం, బ్యారెల్ చివర ఒక పుల్ల, దూరాన గుర్తు. మూడింటినీ ఒకే వరసలోకి తేవాలి. కానీ కంటిలోని లెన్స్ ఒకసారి ఒక్క దూరానికే ఫోకస్ అవుతుంది. పుల్ల స్పష్టంగా ఉంటే గుర్తు మసకబారుతుంది, గుర్తును చూస్తే పుల్ల మసక. గాడికీ పుల్లకీ మధ్య అర మీటరు ఉందనుకుందాం. పుల్ల ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే 100 మీటర్ల దూరంలో తూటా 20 సెంటీమీటర్లు తప్పుతుంది. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకు దగ్గరి పుల్ల అసలే ఆనదు.

అయితే రంధ్రం చిన్నదైతే కథ మారుతుంది. సన్నటి రంధ్రంలోంచి వచ్చే కాంతి కంటి లెన్స్‌లో మధ్యభాగాన్నే వాడుకుంటుంది కాబట్టి దగ్గరవీ దూరానివీ ఒకేసారి ఓ మోస్తరు స్పష్టంగా కనిపిస్తాయి. అద్దాలు మర్చిపోయి బస్సు నంబరు చూడడానికి కళ్లు చికిలించినప్పుడు మనం చేసేది ఇదే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచింది ఇలాంటి రంధ్రపు సైట్‌తోనే. ఆ పోటీల్లో దూరాన్ని పెద్దగా చూపించే స్కోప్‌లకు అనుమతి లేదు. గుర్తు మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. అంటే లెన్సులు లేకపోతే గురి కుదరదన్న మాట నిజం కాదు. కాకపోతే ఆ పద్ధతికి ఏళ్ల సాధన, కదలని గుర్తు, ధారాళంగా వెలుతురు కావాలి.

గ్రబ్ ఈ చిక్కును ఇంకో దారిలో విప్పాడు. ఒక చిన్న వెలుగు చుక్కను లెన్స్ నాభి దగ్గర పెడితే అక్కడి నుంచి వచ్చే కిరణాలు సమాంతరంగా బయటికి వస్తాయి. సమాంతర కిరణాలు ఎక్కడి నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి? అనంత దూరం నుంచి. నక్షత్రం నుంచి వచ్చే కాంతి కూడా అలాంటిదే కదా. కాబట్టి దూరాన ఉన్న గుర్తు మీద కన్ను ఫోకస్ చేస్తే చుక్క కూడా దానంతట అదే స్పష్టంగా కనిపిస్తుంది. మూడు వస్తువుల పని ఒక్కటైపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో జర్మన్ విమానాల మీద ఈ రకం సైట్లు కనిపించాయి. చేతి తుపాకీకి పనికొచ్చేంత చిన్నదిగా, బ్యాటరీతో నడిచేలా 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ తెచ్చింది.

ఇప్పటి రెడ్ డాట్‌లో గొట్టం లోపల అడుగున ఓ పక్కగా ఎర్ర ఎల్ఈడీ ఉంటుంది. ముందున్న వంపు గాజు మీద ఎరుపును మాత్రమే వెనక్కి తిప్పే పూత ఉంటుంది. మిగతా రంగులు దానిగుండా దాటిపోతాయి. ఈ సైట్లోంచి చూస్తే లోకం కాస్త నీలంగా కనిపించేది ఆ పూత వల్లే. ఎర్ర కాంతి కొంత గాజు దగ్గరే ఆగిపోతుంది మరి. చుక్క గుర్తు మీద పడిందని కొత్తవాళ్లు అనుకుంటారు గానీ, గుర్తు మీదికి వెళ్లి పడే కాంతి ఏదీ లేదు. అది లేజర్ పాయింటర్ కాదు.

దీంట్లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. తల కొంచెం పక్కకు జరిపితే చుక్క కూడా అద్దంలో జరుగుతుంది. చూసేవాళ్లకు గుండె జారుతుంది, గురి పోయిందని. పోలేదు. కిరణాలన్నీ సమాంతరం కాబట్టి కన్ను ఎంత పక్కకు జరిగిందో గురి గీత కూడా అంతే పక్కకు జరుగుతుంది, దిశ మారదు. అద్దం వెడల్పు 20 మిల్లీమీటర్లయితే, అంచున చూసినా తేడా 10 మిల్లీమీటర్లు దాటదు. పది మీటర్లకైనా అంతే, వంద మీటర్లకైనా అంతే. ఇనుప సైట్‌లో ఒక మిల్లీమీటరు తప్పు ఎంతవుతుందో పైన చూశాం. అసలు లెన్సులు ఇంత శుద్ధంగా ఉండవు. ‘పారలాక్స్ లేదు’ (అంటే కన్ను జరిగినా గురి మారదు) అని డబ్బా మీద రాసి ఉన్నా అంచుల్లో కొద్దో గొప్పో వంకర మిగులుతుంది. చవక సైట్‌కీ ఖరీదైన సైట్‌కీ తేడా తేలేది చాలావరకు అక్కడే.

చుక్క సైజును ఎమ్‌ఓఏలలో చెబుతారు. ఒక ఎమ్‌ఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు, 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. మంచి చూపున్న కన్ను విడదీసి చూడగలిగే అతి చిన్న కోణం కూడా దాదాపు అంతే. 2 ఎమ్‌ఓఏ చుక్క 100 మీటర్ల దూరంలో దాదాపు 6 సెంటీమీటర్లు కప్పేస్తుంది, 6 ఎమ్‌ఓఏది 17 పైనే. పెద్ద చుక్క కంటికి తొందరగా దొరుకుతుంది, చిన్నది గురి మీద పట్టు ఇస్తుంది. రైఫిల్‌కి 2 తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. వెలుగు పెంచుకుంటే అదే పెద్దగా కనిపిస్తుంది.

డబ్బు కట్టే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. కౌంటర్ దగ్గరే సైట్ వేసి, వెలుగు తగ్గించి, దూరంగా ఉన్న గోడ వైపు చూడండి. చుక్క గుండ్రంగా కాకుండా కామాలాగో, రెక్కలొచ్చినట్టో, జంటగానో కనిపిస్తే ఫోన్ కెమెరాను సైట్ వెనక పెట్టి ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా వస్తే లోపం సైట్‌లో లేదు, కంట్లో ఉంది. ఆస్టిగ్మాటిజం అన్నమాట. కార్నియా ఒక దిక్కున ఎక్కువ వంగి ఉండడం వల్ల చుక్క చుక్కలా ఉండకుండా సాగుతుంది. చాలామందికి తమకు ఇది ఉందని ఇలాగే మొదటిసారి తెలుస్తుంది. పవర్ అద్దాలు పెట్టుకుని చూస్తే తరచూ సరిపోతుంది. సరిపోకపోతే ప్రిజమ్ సైట్ చూడాలి. అందులో గురి చూసే గుర్తును గాజు మీదే చెక్కుతారు, వెనక రింగు తిప్పి మన చూపుకు తగ్గట్టు సర్దుకోవచ్చు. బ్యాటరీ అయిపోయినా గుర్తు ఉంటుంది.

హోలోగ్రాఫిక్ సైట్ వేరే జాతి. ఇందులో లేజర్ కాంతి ఒక హోలోగ్రామ్ మీద పడి వలయాన్నీ చుక్కనీ గీస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, బ్యాటరీ మాత్రం బాగా తింటుంది. దీంట్లో ఓ భౌతికశాస్త్రపు పేచీ ఉంది. ఉష్ణోగ్రత మారితే లేజర్ తరంగదైర్ఘ్యం మారుతుంది, అది మారితే హోలోగ్రామ్ కాంతిని వంచే కోణం మారుతుంది. దాన్ని సరిచేయడానికి లోపల ఇంకో గ్రేటింగ్ (కాంతిని వంచే సన్నటి గీతల పలక) పెడతారు. విపరీతమైన చలిలోనూ తేమలోనూ తమ సైట్లు తడబడుతున్నాయని తెలిసీ సైన్యానికి అమ్మిందన్న ఆరోపణ మీద, ఈ రకం సైట్లు చేసే ఈఓటెక్ కంపెనీ మాతృసంస్థ 2015లో అమెరికా ప్రభుత్వానికి 2.56 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

పెద్దగా చూపించే స్కోప్ అందరికీ ఊరించే వస్తువు. 1 నుంచి 6 రెట్ల దాకా తిప్పుకునే చిన్న స్కోప్‌లు ఇప్పుడు బాగా నడుస్తున్నాయి. వీటికి ఒక లెక్క ఉంది: ముందు లెన్స్ వెడల్పును రెట్లతో భాగిస్తే వెనక నుంచి వచ్చే కాంతి కట్ట వెడల్పు వస్తుంది. 24 మిల్లీమీటర్ల లెన్స్, 6 రెట్లు అయితే 4 మిల్లీమీటర్లు. పగలు కంటిపాప 2 నుంచి 4 ఉంటుంది, సరిపోతుంది. సందె చీకట్లో పాప 5, 6కి విచ్చుకున్నా స్కోప్ ఇచ్చేది 4 మాత్రమే, దృశ్యం నల్లబడుతుంది. పైగా కన్ను వెనక లెన్స్‌కి సుమారు 9 సెంటీమీటర్ల దూరంలో, సరిగ్గా మధ్యలో ఉండాలి. కాస్త అటూ ఇటూ అయితే నల్లటి నెలవంక అడ్డొస్తుంది. మౌంట్‌తో (రైఫిల్‌కి పట్టి ఉంచే బిగింపుతో) కలిపి ముప్పావు కిలో దాకా బరువు. 100 గజాల లోపు రేంజ్‌లో నేర్చుకునేవాళ్లకు దీని అవసరం నాకు కనిపించదు. చిల్లులు చూసుకోవడానికైతే ఒక బైనాక్యులర్ చాలు.

సైట్ బిగించాక జీరో చేయాలి, అంటే చుక్కనీ తూటా పడే చోటునీ కలపాలి. ఏఆర్-15 మీద సైట్ మామూలుగా బ్యారెల్‌కి 2.6 అంగుళాలు ఎత్తున ఉంటుంది. తూటా బ్యారెల్ దాటిన క్షణం నుంచే కిందికి పడుతూ ఉంటుంది. 200 గజాలు చేరడానికి సెకనులో ఐదో వంతు పడితే, ఆలోపు దాదాపు 20 సెంటీమీటర్లు జారుతుంది. అందుకే బ్యారెల్‌ను చూపు గీతకన్నా వెంట్రుకవాసి పైకి ఎత్తి పెడతారు. తూటా కింది నుంచి వచ్చి చూపు గీతను 50 గజాల దగ్గర దాటి, కొంచెం పైకెక్కి, 200 గజాల దరిదాపుల్లో మళ్లీ దిగుతుంది. మధ్యలో ఎక్కడా రెండంగుళాలకు మించి తేడా రాదు. అయిదు మీటర్ల దగ్గర మాత్రం చుక్క పెట్టిన చోటికి దాదాపు 6 సెంటీమీటర్ల కింద చిల్లు పడుతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి సైట్ పాడైందనుకుంటారు.

50 గజాల కాగితం మీద పని ఇలా సాగుతుంది. తుపాకీని ఇసుక సంచి మీద ఆనించి మూడు తూటాలు కాలుస్తారు. మూడు చిల్లులూ చుక్కకు 3 అంగుళాల కింద, ఒక అంగుళం ఎడమగా గుంపుగా పడ్డాయనుకోండి. సైట్ ఒక్కో క్లిక్కు అర ఎమ్‌ఓఏ అయితే 50 గజాల దగ్గర అది పావు అంగుళం. పైకి 12 క్లిక్కులు, కుడికి 4. స్క్రూ మీద బాణం తూటా జరగాల్సిన దిక్కును చూపుతుంది, చుక్క జరిగే దిక్కును కాదు. ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. ఒక్క చిల్లును చూసి మాత్రం స్క్రూ ముట్టుకోకూడదు. ఆ తప్పు చేతిదో సైట్‌దో ఒక్క చిల్లు చెప్పదు.

జీరో నిలబడడం మౌంట్ చేతిలో ఉంది. రైఫిల్ మీద కనిపించే పళ్ల పట్టీ పేరు పికటినీ రైలు, 1995లో అమెరికా సైన్యం ప్రమాణంగా ఖరారు చేసింది. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, గాడికీ గాడికీ 10.01. ఈ కొలతల వల్లే ఏ కంపెనీ మౌంట్ అయినా సరిపోతుంది. అయిదు సెంటీమీటర్ల పొడవున్న మౌంట్ ఒక చివర 0.05 మిల్లీమీటరు కదిలితే 100 మీటర్ల దగ్గర తేడా 10 సెంటీమీటర్లు. కాబట్టి చవక మౌంట్ మీద ఖరీదైన సైట్ పెట్టడం దండగ. బిగించే ముందు మౌంట్‌ను గాడిలో ముందుకు నెట్టి, కంపెనీ చెప్పినంతే టార్క్ (స్క్రూ తిప్పే బలం) ఇచ్చి, స్క్రూ మీద నుంచి ఒక పెయింట్ గీత గీసి పెడితే వదులైనప్పుడు చూడగానే తెలుస్తుంది.

మిగతా సరంజామాలో మొదట్లోనే పిడులూ లైట్లూ వద్దు. భుజానికి తగిలించుకునే స్లింగ్ పట్టీ ఒకటి, తాళం పడే పెట్టె, అన్నిటికన్నా ముందు చెవులకు రక్షణ. ఈ రైఫిల్ చప్పుడు 155 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటిన పేలుడు ఒక్కటైనా లోపలి చెవిలోని రోమకణాలను దెబ్బతీయగలదు. అవి తిరిగి మొలవవు. సప్రెసర్ (చప్పుడు తగ్గించే గొట్టం) పెట్టినా తూటా ధ్వనికన్నా వేగంగా పోతుంది కాబట్టి దాని కొరడా చప్పుడు పోదు. కళ్లద్దాలవాళ్లకు ఇంకో తిప్పలు: అద్దాల కాడ ఇయర్‌మఫ్ మెత్తను పైకి లేపి, ఆ సందులోంచి చప్పుడు దూరుతుంది. మఫ్ లావుగా ఉంటే తుపాకీ స్టాక్‌కి (భుజానికి ఆనే వెనక భాగానికి) తగిలి పక్కకు తొలుగుతుంది కూడా. ముందు చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు నలిపి లోతుగా పెట్టుకుని, పైన పలచటి మఫ్ వేసుకుంటే రెండు తిప్పలూ తప్పుతాయి.