ఐదో క్రోమోజోమ్‌లో లోటు: ఆ పాత అంచనాలు ఎక్కడివి?

రిపోర్టులో ‘5పి డిలీషన్’ (ఐదో క్రోమోజోమ్ పొట్టి భుజంలో, అంటే దాని చిన్న వైపున, కొంత ముక్క లేకపోవడం) అని చూడగానే తల్లిదండ్రులు నెట్‌లో వెతకడం మొదలుపెడతారు. ‘నడక రాదు, మాట రాదు’ అని తేల్చేసే రాతలు అక్కడ ఇప్పటికీ కనబడతాయి. అవి ఏ కాలం నాటివో, ఏ పిల్లల్ని చూసి రాసినవో ముందు తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

మనిషి కణంలో క్రోమోజోములు 48 అని చాలాకాలం నమ్మారు. స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ త్జియో, ఆల్బర్ట్ లెవాన్ కలిసి 1956లో అవి 46 అని తేల్చారు. అప్పటి నుంచే లెక్కలో, ఆకారంలో తేడాలు వెతకడం సాధ్యమైంది. 1963లో పారిస్‌లో జెరోమ్ లెజూన్ బృందం ముగ్గురు పిల్లల గురించి రాసింది. ఆ ముగ్గురికీ ఐదో క్రోమోజోమ్ పొట్టి భుజంలో కొంత ముక్క లేదు. పుట్టినప్పుడు వాళ్ల ఏడుపు సన్నగా, కీచుగా, అచ్చం పిల్లికూన అరిచినట్టు ఉండేది. అదే క్రి డు షా సిండ్రోమ్; ఫ్రెంచిలో ‘పిల్లి అరుపు’ అని. 15 వేల నుంచి 50 వేల జననాల్లో ఒకరికి వస్తుందని అంచనా. స్వరపేటికలో తేడా వల్ల వచ్చే ఆ ఏడుపు పెద్దయ్యేకొద్దీ మారిపోతుంది. పసితనంలో ఎవరూ గమనించకపోతే తర్వాత పోల్చుకోవడం కష్టమే.

తొలి రోజుల్లో డాక్టర్లు చూసిన వాళ్లలో చాలామంది ఇంటికి దూరంగా, సంస్థల్లో పెరిగినవాళ్లు. శిక్షణ లేదు, పలకరించేవాళ్లు తక్కువ. వాళ్ల స్థితినే జబ్బు లక్షణంగా రాసేశారు. నా దృష్టిలో ఈ కథలో అసలు పొరపాటు అదే. 1980లో అమెరికాలో ఇళ్లలో పెరుగుతున్న 65 మంది పిల్లల్ని పరిశీలిస్తే చిత్రం మారింది. పదేళ్లు దాటినవాళ్లలో దాదాపు సగం మందికి తమ సంగతి చెప్పుకునేంత మాట వచ్చింది. చిన్నప్పుడే శిక్షణ మొదలైన కొందరు ఐదారేళ్ల పిల్లల స్థాయికి చేరారు.

ఎదుగుదల మామూలుగా ఉంటుందని కాదు. తల చిన్నగా ఉంటుంది, కండరాలు పట్టు లేకుండా ఉంటాయి, పాలు తాగడమే పెద్ద పని. నడక ఆలస్యం. అయితే పైకి అనగలిగిన దానికంటే వీళ్లకు అర్థమయ్యేది చాలా ఎక్కువ. చెప్పులు తెమ్మంటే తెచ్చే బిడ్డ తనకు దాహమేస్తోందని చెప్పలేక తల బాదుకోవచ్చు. సైగలు, బొమ్మల కార్డులు అలవాటు చేస్తే ఈ గొడవ కొంత తగ్గుతుంది.

ముక్క ఎక్కడ తెగిందో ఇప్పుడు మైక్రోఅరేలో (క్రోమోజోముల్లో ఏ భాగం తగ్గిందో, పెరిగిందో చూపే డీఎన్ఏ పరీక్షలో) కచ్చితంగా కనిపిస్తుంది. పోయిన భాగం పెద్దదైతే సాధారణంగా ప్రభావమూ ఎక్కువే, కానీ ఒకే కొలత ఉన్న ఇద్దరు ఒకేలా ఎదగాలని లేదు. ఎక్కువ కేసుల్లో ఇది కొత్తగా వచ్చిన మార్పే, వంశంలో ఉండదు. సుమారు పదింట ఒకచోట మాత్రం తల్లిలోనో తండ్రిలోనో క్రోమోజోమ్ ముక్కలు చోటు మారి ఉంటాయి. ముక్క తగ్గినా పెరిగినా మైక్రోఅరే పట్టుకుంటుంది గానీ, ఉత్తగా చోటు మారితే దానికి కనబడదు. అందుకే మరో బిడ్డను అనుకునేవాళ్లకు ఈనాటికీ క్రోమోజోములను మైక్రోస్కోప్ కింద చూసే పాత కార్యోటైప్ పరీక్షే రాస్తారు.