పదివేల లెక్క చెప్పే సన్నముల్లు

విమానం ఎంత ఎత్తులో ఉందో చూపే పరికరం ఆల్టీమీటర్. పాతకాలపు ఆల్టీమీటర్ డయల్ మీద 0 నుంచి 9 దాకా అంకెలు, వాటి మీద తిరిగే మూడు ముళ్లు ఉంటాయి. పొడుగుది వందల అడుగులు చూపుతుంది, వెయ్యి అడుగులకు ఒక చుట్టు తిరుగుతుంది. పొట్టిగా వెడల్పుగా ఉండేది వేలు చెబుతుంది. మూడోది బాగా సన్నం, కొసన చిన్న త్రికోణం. పదివేల లెక్క దానిదే.

గడియారంలో గంటల ముల్లు ముందు చూసినట్టే, ఇక్కడ సన్నముల్లుతో మొదలుపెట్టాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. అన్నిటికన్నా పెద్ద లెక్క చెప్పే ముల్లు అన్నిటికన్నా తక్కువగా కంటికి ఆనుతుంది.

పొడుగు ముల్లు 5 మీద, పొట్టిది 1కీ 2కీ నడుమ ఉందనుకోండి. సన్నముల్లు 0 దాటి కాస్త జరిగితే ఎత్తు 1,500 అడుగులు. 1 దాటి అంతే జరిగితే 11,500. మిగతా రెండు ముళ్లూ రెండుచోట్లా ఒకేలా ఉంటాయి!

1947లోనే అమెరికాలో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే శాస్త్రవేత్తలు పైలట్లు పరికరాలు చదవడంలో పడ్డ పొరపాట్లు 270 సేకరించి, పలు చుట్లు తిరిగే ముళ్లతోనే ఎక్కువ తికమక వస్తోందని తేల్చారు. అయినా 1958 డిసెంబర్ 24న ఇంగ్లండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర ఒక బ్రిటానియా విమానం పొగమంచులో నేలను ఢీకొంది. 12,000 అడుగుల నుంచి దిగుతామని సిబ్బంది అనుమతి అడిగి ఎంతోసేపు కాలేదు. ఉన్న ఎత్తు కన్నా పదివేల అడుగులు ఎక్కువగా చదువుకున్నారు. తొమ్మిదిమంది పోయారు. దాన్ని సిబ్బంది అజాగ్రత్తగా మాత్రమే చూడటం నాకు అన్యాయంగా తోస్తుంది. తర్వాతి డయళ్లలో, పదివేల అడుగుల కిందికి దిగితే కనబడే చారల గుర్తూ, ఎత్తును అంకెల్లోనే చూపే చక్రాలూ వచ్చాయి.

ముళ్లు సరిగా చదివినా పని అయిపోదు. ఆల్టీమీటర్ నిజంగా కొలిచేది గాలి పీడనాన్ని. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గి, లోపలి మూసిన లోహపు డబ్బీ ఉబ్బుతుంది, ఆ కదలికే ముళ్లను తిప్పుతుంది. సముద్రమట్టం దగ్గర ఒక్క హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తేడాకు ఎత్తు సుమారు 28 అడుగులు మారుతుంది. అందుకే డయల్ మీది చిన్న కిటికీలో స్థానిక పీడనాన్ని పైలట్ అమర్చాలి. అది 10 హెక్టోపాస్కల్‌లు ఎక్కువగా పెడితే, విమానం అసలుకన్నా దాదాపు 280 అడుగులు పైన ఉన్నట్టు ముళ్లు చూపుతాయి.

బాగా ఎత్తుకు వెళ్లాక మాత్రం అందరూ 1013.25 హెక్టోపాస్కల్‌లు అనే ఒకే ప్రామాణిక అంకె పెట్టుకుంటారు. అక్కడ చూపే ఎత్తు అసలు ఎత్తుతో సరిపోకపోవచ్చు. కానీ ఒకచోట ఎగిరే విమానాలన్నిటికీ తేడా ఒకేలా ఉంటుంది కాబట్టి, వాటి మధ్య ఎడం చెదరదు.